గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళు మందులు సర్దుకునే పద్ధతి

బరంపురం, పర్లాకిమిడి వైపు నుంచి దుబాయ్, సౌదీ పనులకు వెళ్ళేవాళ్ళు మందుల సంగతి ప్రయాణానికి నెల ముందే చూసుకోవాలి.

మందుల షీటు వెనక చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదవండి. బ్రాండు పేరు అక్కడ పనికిరాదు. ట్రమడాల్, కోడీన్, అల్ప్రాజోలం, క్లోనాజెపాం, ప్రిగాబలిన్: వీటిలో ఏది కనబడినా ఆగండి. నడుంనొప్పికి రాసే కొన్ని పారాసిటమాల్ బిళ్ళల్లో ట్రమడాల్ కలిసి ఉంటుంది. షుగరువాళ్ళ కాళ్ళ మంటలకు ఇచ్చే కొన్ని క్యాప్సూల్స్‌లో ప్రిగాబలిన్ ఉంటుంది. దుబాయ్ ఉన్న యూఏఈ దేశంలో ఇలాంటి వాటికి అక్కడి ప్రభుత్వం నుంచి ఆన్‌లైన్‌లో ముందే అనుమతి తీసుకోవాలి. అది లేకుండా దిగితే కేసు పెట్టవచ్చు. బదులుగా వేరే మందు ఇవ్వగలరేమో మీ డాక్టరుగారిని అడగండి, అదే తేలిక.

గసగసాలు కూడా వద్దు. మసాలా పొడిలో కలిసినా, ఒడియా ఇళ్ళలో పోస్తో అని వండుకునేవే అయినా, గల్ఫ్‌లో అవి నిషేధం. పక్కింటి పిన్ని "మా బాబుకి ఈ మందుల పొట్లం ఇచ్చేయ్ నాన్నా" అని బతిమాలినా తీసుకోకండి.

సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే మందులకు షాపు బిల్లు ఉండదు. ఓపీ చీటీ మీద రాత అక్కడివాళ్ళకు అర్థం కాదు. అందుకని జబ్బు, మందు అసలు పేరు, మోతాదు ఇంగ్లీషులో టైపు చేయించి, డాక్టరు సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు వేయించుకోండి. మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. షీట్లు కత్తిరించకండి, పేరూ గడువు తేదీ పోతాయి. బీపీకి వాడే టెల్మిసార్టాన్ బిళ్ళలను విప్పి డబ్బాలో పోయకండి, చెమ్మ పీల్చుకుంటాయి.

అన్నిటికన్నా జాగ్రత్త కావలసింది ఇన్సులిన్. దాన్ని చేతి బ్యాగులోనే పెట్టుకోండి. విమానం అడుగున వేసే లగేజీలో గడ్డకట్టవచ్చు, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనిచేయదు. ఎండాకాలం రైల్లో విశాఖకో భువనేశ్వర్‌కో వెళ్ళేటప్పుడు చల్లని సంచిలో పెట్టండి. ఐసుప్యాకు సీసాకు తగలకుండా మధ్యలో గుడ్డ చుట్టండి.

ఇక సిరంజి. మన మందుల షాపుల్లో దొరికే ఇన్సులిన్ సీసాల్లో చాలావాటి మీద 40 ఐయూ అని ఉంటుంది, అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్ల మందు. దానికి ఎర్ర మూత సిరంజి. బయటి దేశాల్లో సాధారణంగా సీసాలు 100 ఐయూవి, వాటికి నారింజ మూత సిరంజి. అక్కడి మందును ఇక్కడి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి 50 యూనిట్లు పోతాయి. షుగరు పడిపోయి మనిషి స్పృహ తప్పుతాడు, ప్రాణమే పోవచ్చు. మీరు తీసుకెళ్ళిన 40 సీసాలు అయిపోగానే మిగిలిన ఎర్ర మూత సిరంజిలు పారేయండి. కొత్త సీసా కొన్నప్పుడే దానికి సరిపడే సిరంజిలు అడిగి తీసుకోండి.