కంపెనీ పేరే వస్తువు పేరైపోయినప్పుడు కొనడం, అడగడం, రాయించుకోవడం ఎలా

సత్యనారాయణపురంలోని మా ఇంట్లో వంటగది అల్మారాలు చేయించినప్పుడు వడ్రంగి మేస్త్రి ఇచ్చిన ఎస్టిమేట్‌లో 'సన్‌మైకా 14 షీట్లు' అని రాసి ఉంది, నేను ఆ కంపెనీ షీట్లే వస్తాయనుకుని సరేనన్నాను. పని సగమయ్యాక మిగిలిన షీటు వెనక్కి తిప్పి చూస్తే మీద వేరే పేరుంది, మందం చూస్తే ఒక ఎం.ఎం. కూడా లేదు. అడిగితే "సన్‌మైకా అంటే ఇదే కదా సార్, అందరూ దీన్నే అంటారు" అన్నాడు. ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. ఆయనకు ఆ మాటంటే ప్లైవుడ్ మీద అతికించే షీటు, నాకేమో ఒక కంపెనీ. ఒకే మాట రాసుకుని ఇద్దరం రెండు వేర్వేరు బేరాలకు ఒప్పుకున్నాం, తేడా డబ్బు నా జేబులోంచి పోయింది.

అప్పటి నుంచి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. మాట్లాడేటప్పుడు ఎలా అన్నా ఫర్వాలేదు. కిరాణా కొట్లో "బాబాయ్, ఒక సర్ఫ్ ప్యాకెట్ ఇవ్వు" అంటే ఏ సబ్బుపొడి ఇచ్చినా బట్టలు శుభ్రపడతాయి, దానికి టెన్షన్ అక్కర్లేదు. కానీ పెద్ద డబ్బు గానీ ఒంటి ఆరోగ్యం గానీ ముడిపడి ఉన్నచోట వస్తువు పేరు వేరు, కంపెనీ పేరు వేరు చేసి రెండూ చెప్పాలి, వీలైతే కాగితం మీద రాయించుకోవాలి. కంపెనీ పేరు పక్కన పెట్టి ఆ వస్తువేంటో మామూలు మాటల్లో చెప్పడానికి ప్రయత్నించండి. చెప్పలేకపోతే మీకేం కావాలో మీకే ఇంకా తేలలేదని అర్థం, ముందు అది తేల్చుకోండి.

వడ్రంగి పనికైతే ఇలా రాయించండి: లామినేట్ షీటు, కంపెనీ ఫలానా, మందం 1 ఎం.ఎం., సైజు 8 అడుగులకు 4 అడుగులు, డిజైన్ నంబరు ఇంత. జిగురు దగ్గర 'ఫెవికాల్' అని వదిలేస్తే సరిపోదు, ఎందుకంటే ఆ పేరుతోనే చాలా రకాలున్నాయి. మామూలు చెక్కపనికి ఎస్‌హెచ్ అనే రకం వాడతారు, సింకు దగ్గరలాంటి తడి తగిలే చోట్లకు మెరైన్ అని వేరే ఉంది. ఏ రకమో రాయించుకుని, డబ్బా సీలు మీ ఎదురుగా తీయమనండి. మేస్త్రి ఏమనుకుంటాడోనని మొహమాటపడకండి, మంచి పనివాడికి ఇలా అడిగేవాళ్లంటేనే ఇష్టం.

మట్టిపనికి మిషను పిలిపించేటప్పుడు ఈ తికమక ఇంకా ఎక్కువ. జేసీబీ అనేది జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే ఇంగ్లండ్ ఆయన పేరులోని మొదటి అక్షరాలు, 1945లో పెట్టిన కంపెనీ. మనం మాత్రం రబ్బరు టైర్లు, ముందు పెద్ద తొట్టి, వెనక తవ్వే చెయ్యి ఉన్న పసుపు మిషనుకు ఆ పేరు ఖాయం చేశాం. పొక్లెయిన్ ఫ్రెంచి కంపెనీ పేరు, మన దగ్గర ఇనుప చైన్ల మీద నడుస్తూ చుట్టూ తిరిగే మిషను ఏ కంపెనీదైనా పొక్లెయినే, కొందరి నోట్లో ప్రొక్లెయినర్. మా బావమరిది గుంటూరు గోరంట్లలో ఇంటి పునాదికని ఫోన్‌లో "జేసీబీ పంపండి" అన్నాడు. లోతుగా తవ్వాల్సిన నల్లరేగడి నేల, వచ్చినదానికి అంత లోతు అందలేదు, ఆ పూట అద్దె వృథా. అందుకని పేరుకంటే ముందు పని చెప్పండి: ఎంత లోతు, ఎంత పొడవు, మట్టి అక్కడే పోయాలా లేక లారీకెత్తాలా, వీధి ఎంత వెడల్పు. టైర్ల మిషను రోడ్డు మీద తనంతట తానే వస్తుంది, చైన్లదాన్ని లారీ మీద తేవాలి, ఆ రవాణా ఎవరు భరిస్తారో కూడా ముందే అడగండి.

అన్ని పేర్లకూ ఇంత జాగ్రత్త అవసరం లేదు. ఆటోనగర్‌లో ఏ మెకానిక్ నోట విన్నా స్టెప్నీ అనే వస్తుంది. 1904లో వేల్స్‌లోని లానెల్లి ఊళ్లో స్టెప్నీ వీధి పేరు మీద మొదలైన అదనపు చక్రాల కంపెనీ అది, ఇప్పుడు ఆ పేరు చెప్పి ఆ కంపెనీ చక్రమే ఇవ్వమని అడిగేవాళ్లెవరూ లేరు కాబట్టి గొడవే లేదు. ఎస్కలేటర్ కూడా ఒకప్పుడు ఓటిస్ కంపెనీ సొంత పేరే, 1950లో అమెరికాలో ఆ హక్కు పోయింది. ఇవి పూర్తిగా మన మాటలైపోయినట్టే. డాల్డా అలా కాదు. 1937 నుంచి వనస్పతికి పేరుగా నిలిచిపోయింది గానీ అదే పేరుతో ఇప్పుడు మామూలు వంటనూనెలు కూడా అమ్ముతున్నారు, కాబట్టి అమ్మమ్మ చెప్పిన మిఠాయి కొలతల్లో డాల్డా అని ఉంటే కొట్లో వనస్పతి అని అడగండి. బస్టాండులో బిస్లరీ అడిగితే చేతికి ఏ సీసా వచ్చినా, మూత సీలు, తయారీ తేదీ, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు చూసి తీసుకోండి.

ఇక నేను నిజంగా భయపడేది మందుల విషయంలో. మా అత్తగారికి జ్వరమొస్తే పొద్దున క్రోసిన్ వేసుకున్నారు, తగ్గలేదని రెండు గంటలకే డోలో వేసుకున్నారు, సాయంత్రం జలుబుకని ఇంకో మాత్ర. "వేరే మందే కదా బాబూ" అన్నారు. వేరే కాదు. క్రోసిన్, డోలో రెండింట్లోనూ ఉన్నది పారాసిటమాలే, జలుబు మాత్రల్లో కూడా చాలావాటిలో అదే కలిపి ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు, డోసుకూ డోసుకూ మధ్య కనీసం నాలుగు గంటలుండాలి, ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. కాలేయ జబ్బున్నా మద్యం అలవాటున్నా డాక్టరు చెప్పే లెక్క ఇంకా తక్కువ. షీటు వెనక చూస్తే 'టాబ్లెట్స్ ఐపీ' అనే మాటల ముందుండేది మందు అసలు పేరు, దాని కిందే ఎన్ని మిల్లీగ్రాములో ఉంటుంది. రెండు షీట్ల మీద అదే పేరుంటే రెండూ కలిపి వేసుకోకండి. మందుల షాపులో నాలుగు మాత్రలే అడిగితే కత్తిరించి ఇస్తారు కదా, పేరూ గడువు తేదీ ఉన్న ముక్కే ఇవ్వమనండి. జన ఔషధి కేంద్రానికి వెళ్తే ఈ అసలు పేరుతోనే అడగాలి, చాలావరకు తక్కువ ధరకు దొరుకుతుంది.

విజయవాడ మే నెల ఎండల్లో ఎలక్ట్రాల్ అనే మాట ప్రతి ఇంట్లో వినపడుతుంది. మీకు కావాల్సింది ఓఆర్ఎస్ పొడి, ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి, ఎన్ని నీళ్లలో కలపాలో కూడా దాని మీదే ఉంటుంది. 21.8 గ్రాముల పెద్ద ప్యాకెట్టయితే లీటరు నీళ్లు, అందులో కొంచెం తీసి గ్లాసులో కలపడం తప్పు. పళ్ల రుచితో అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాన్ని విరేచనాలవుతున్న పిల్లలకు దీని బదులు పట్టకండి.

మా ఇంట్లో ఇప్పుడు మందుల డబ్బా మూత లోపల ఒక కాగితం అతికించాం. ఎడమవైపు ఇంట్లో పిలిచే పేరు, దాని పక్కన అసలు మందు పేరు, ఆ పక్కన రోజుకు ఎన్ని. రాసింది అత్తగారే, కళ్లజోడు లేకుండా కనపడేంత పెద్ద అక్షరాలతో.