పాత టీఎన్‌సీలో కొత్త ఫర్మ్‌వేర్ వేసుకోవడం ఎలా?

రేడియో మీద డేటా పంపడానికి వాడే టీఎన్‌సీ-2 రకం పెట్టెకి అప్‌డేట్ బటన్ ఉండదు. ఫర్మ్‌వేర్ (పెట్టెని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) మార్చాలంటే మూత విప్పాలి, లోపలి చిప్పు పీకాలి, కొత్తది పెట్టాలి. మొదటిసారి చేసేవారికి కాస్త టెన్షన్ పెట్టే పనే గానీ, వరస తప్పకుండా చేస్తే ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోతుంది. చిప్పు మార్చేటప్పుడు పాడయ్యేది తక్కువ. ఎక్కువమంది ఇరుక్కునేది పాత సెట్టింగులు రాసిపెట్టుకోనందుకు, లేదా తమ పెట్టెకి సరిపడని ఫైల్ వేసినందుకు.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని అభిరుచిగా నడిపే రేడియో) మీద అక్షరాలు, డేటా పంపుకునే పద్ధతిని ప్యాకెట్ రేడియో అంటారు. కంప్యూటర్‌కీ వైర్‌లెస్ సెట్‌కీ మధ్య ఉండి, అక్షరాలను ఏఎక్స్.25 అనే పద్ధతిలో ప్యాకెట్లుగా కట్టి, వాటిని శబ్దంగా మార్చి సెట్‌కి అందించే పెట్టె పేరు టెర్మినల్ నోడ్ కంట్రోలర్, అంటే టీఎన్‌సీ. అమెరికాలోని టూసాన్ నగరంలో మొదలైన టీఏపీఆర్ అనే హామ్‌ల సంఘం 1985లో టీఎన్‌సీ-2ని తెచ్చింది. ఎంఎఫ్‌జే-1270, ప్యాక్‌కామ్ టైనీ-2 వంటివి దాన్ని చూసి చేసినవే. లోపల జెడ్80 ప్రాసెసర్, ఫర్మ్‌వేర్ ఉండే ఈప్రామ్ చిప్పు, కరెంటు పోయినా సెట్టింగులు చెరిగిపోకుండా లిథియం బ్యాటరీ మీద బతికే రామ్ ఉంటాయి. ఆ డిజైన్‌కి నలభై ఏళ్లు నిండినా ఆ పెట్టెలు ఇంకా పనిచేస్తున్నాయి.

అసలు మార్చాలా?

మార్చడానికి సరైన కారణం ఒకటుంది. తొలినాటి ఫర్మ్‌వేర్లలో కిస్ మోడ్ లేదు. కిస్‌లో టీఎన్‌సీ తెలివంతా పక్కనపెట్టి ఉత్త మోడెమ్‌గా పనిచేస్తుంది, ప్రోటోకాల్ పని కంప్యూటర్ చూసుకుంటుంది. ఇప్పుడు రాస్‌ప్‌బెరీ పై మీదో, లినక్స్ మీదో నడిచే ప్యాకెట్ సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి కావలసింది ఇదే. ఇతరులు సందేశాలు వదిలే మెయిల్‌బాక్స్ కావాలన్నా, పెట్టెని ప్యాకెట్లను ముందుకు పంపే నెట్‌వర్క్ నోడ్‌గా మార్చాలన్నా కూడా ఫర్మ్‌వేర్ మార్చక తప్పదు.

హామ్‌లు తామున్న చోటు, చిన్న సందేశాలు పంపుకునే ఏపీఆర్‌ఎస్ ప్యాకెట్లు చూడటమే మీ సరదా అయితే ఇంత శ్రమ వద్దు. కంప్యూటర్ సౌండ్ కార్డుతో పనిచేసే డైర్‌వుల్ఫ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. అలాగే, ఎక్కడో గుట్ట మీద కుదురుగా నడుస్తున్న నోడ్‌ని కొత్త వెర్షన్ వచ్చిందని కదిలించడం నా లెక్కలో తెలివైన పని కాదు.

మూత విప్పకముందు

పెట్టెని సీరియల్ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, పుట్టీ, మినీకామ్ వంటి టెర్మినల్ ప్రోగ్రామ్ తెరిచి ఆన్ చేయండి. వెనకాల ఉండేది ఆర్‌ఎస్-232 పోర్టు. యూఎస్‌బీ కన్వర్టర్ వాడితే అదీ ఆర్‌ఎస్-232 రకమే అయ్యుండాలి. ఆర్డ్యూనో పనులకు వాడే 5 వోల్టుల టీటీఎల్ కన్వర్టర్ ఇక్కడ తగిలిస్తే అది కాలిపోవచ్చు.

ఆన్ కాగానే వచ్చే పరిచయ సందేశాన్ని పూర్తిగా చదవండి. అందులో రిలీజ్ నంబరు, రామ్ 16 కేనా 32 కేనా (కే అంటే కిలోబైట్లు), రామ్ తర్వాత ఫర్మ్‌వేర్ చెక్‌సమ్ (ఫైల్ సరిగ్గా ఉందో లేదో తేల్చే అంకె) కనిపిస్తాయి. రామ్ సంగతి ముఖ్యం. మెయిల్‌బాక్స్ ఉన్న ఫర్మ్‌వేర్లకు 32 కే కావాలి. 16 కే పెట్టెలో ముందు రామ్ పెంచుకోకుండా అలాంటి ఫర్మ్‌వేర్ వేస్తే ఉపయోగం లేదు.

తర్వాత డిస్‌ప్లే అనే ఆదేశం టైప్ చేస్తే సెట్టింగులన్నీ వరసగా వస్తాయి. టెర్మినల్‌లో లాగింగ్ ఆన్ చేసుకుని మొత్తం ఒక ఫైల్‌లో దాచండి. మీ కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే రేడియో పేరు) ఎలాగూ గుర్తుంటుంది. గుర్తుండనివి టీఎక్స్‌డిలే, మ్యాక్స్‌ఫ్రేమ్, ప్యాక్‌లెన్ లాంటి అంకెలు. టీఎక్స్‌డిలేలో ఒక్కో అంకె విలువ 10 మిల్లీసెకన్లు. అక్కడ 30 ఉంటే సెట్ ట్రాన్స్‌మిట్‌లోకి వచ్చాక 300 మిల్లీసెకన్లు ఆగి డేటా పంపుతుందని అర్థం. మీ సెట్‌కి ఎంత కావాలో ఎవరో ఒకప్పుడు ఓపిగ్గా తేల్చి పెట్టిన అంకె అది. పోగొట్టుకుంటే మళ్లీ మొదటి నుంచి తేల్చుకోవాలి. వెనకవైపు డిప్ స్విచ్‌లను కూడా ఫొటో తీసి ఉంచుకోండి, సీరియల్ వేగాన్నీ రేడియో వేగాన్నీ నిర్ణయించేవి అవే.

ఏ ఫైల్?

టీఎన్‌సీ-2 ఫైల్ టీఎన్‌సీ-2 వంశానికే పనికొస్తుంది. ఏఈఏ పీకే-232లో కూడా జెడ్80 ప్రాసెసరే ఉంది, అయినా బోర్డు వేరు కాబట్టి ఈ ఫైల్ అందులో నడవదు. కాన్‌ట్రానిక్స్ కేపీసీ-3లో అయితే ప్రాసెసరే వేరు. బయట మూత మీది పేరు చూసి సరిపెట్టుకోవద్దు. ఒకే పేరుతో వచ్చిన బోర్డుల్లోనూ మార్పులుంటాయి కాబట్టి బోర్డు మీద ముద్రించిన మోడల్, రివిజన్ చూడండి. ఈ పెట్టెల్లో వాడే 27సి256 ఈప్రామ్ చిప్పుకి రాసే ఫైల్ సైజు సరిగ్గా 32,768 బైట్లు ఉంటుంది. అంతకంటే పెద్దదైతే అది వేరే చిప్పు కోసం చేసిందన్నమాట.

పాత చిప్పు తీసి దాచుకోవడం

పవర్, సీరియల్, రేడియో కేబుళ్లు మూడూ పీకేయండి. పవర్ ఒక్కటే తీస్తే చాలదు, సీరియల్ పోర్టు గుండా కూడా కొద్దిపాటి వోల్టేజీ లోపలికి వస్తుంది. పని మొదలుపెట్టే ముందు ఎర్త్ ఉన్న లోహాన్ని ఒకసారి ముట్టుకోండి. సింథటిక్ దుప్పటి పరిచిన మంచం మీద మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

ఈప్రామ్ 28 కాళ్ల చిప్పు, మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. ఒక కొసన చంద్రవంకలా చిన్న గాటు కనిపిస్తుంది. ఆ గాటు ఎటు ఉందో కనిపించేలా ఫొటో తీశాకే చెయ్యి పెట్టండి. ఐసీ పుల్లర్ ఉంటే సరే, లేకపోతే సన్నటి స్క్రూడ్రైవర్‌తో ఈ కొస కాస్త, ఆ కొస కాస్త మార్చి మార్చి పైకెత్తాలి. ఒకే వైపు నుంచి ఎత్తితే రెండో వైపు కాళ్లు వంగిపోతాయి.

తీసిన చిప్పుని ముందు ప్రోగ్రామర్‌లో (చిప్పుల్ని చదివే, రాసే పరికరం) పెట్టి చదివి, ఆ ఫైల్‌ని కంప్యూటర్‌లో దాచండి. టీఎల్866 తరహా ప్రోగ్రామర్ ఈ పనికి చాలు. రెండుసార్లు చదివి రెండు ఫైళ్లూ ఒకటేనా అని పోల్చండి. తేడా వస్తే కాళ్లకు పట్టిన తుప్పే కారణం కావచ్చు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ చదవండి. ఈ పాత చిప్పుని చెరిపి దాని మీదే కొత్తది రాయాలనే పొదుపు ఆలోచన మానేయండి. కొత్తది నడవకపోతే వెనక్కి వెళ్లడానికి మీకున్న దారి అదే.

కొత్త చిప్పు రాయడం

పైన గాజు కిటికీ ఉన్న 27సి256 దొరికితే దాన్ని అతినీలలోహిత కాంతి కింద చెరపాలి. ఆ దీపాల తరంగదైర్ఘ్యం 253.7 నానోమీటర్లు, మామూలుగా పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. డబ్బా మూత వేసే చెరపండి, ఆ కాంతి కంటికీ చర్మానికీ మంచిది కాదు. చెరిగిందో లేదో బ్లాంక్ చెక్‌లో తెలుస్తుంది. ప్రతి బైటూ ఎఫ్ఎఫ్ అని చూపించాలి.

నా సలహా మాత్రం విన్‌బాండ్ డబ్ల్యు27సి512 కొనమని. దీన్ని ప్రోగ్రామరే విద్యుత్తుతో చెరిపేస్తుంది, దీపం గోల ఉండదు. కాకపోతే ఒక మెలిక ఉంది. ఇది 64 కే చిప్పు, మన ఫైల్ 32 కే. 27సి256లో ప్రోగ్రామింగ్ వోల్టేజీ కోసం కేటాయించిన 1వ కాలు, 512లో ఎ15 అనే అడ్రస్ లైన్ అవుతుంది. 256 కోసం చేసిన సాకెట్‌లో ఆ కాలికి మామూలుగా 5 వోల్టులు అందుతాయి కాబట్టి ప్రాసెసర్‌కి చిప్పు పై సగమే కనిపిస్తుంది. ఫైల్‌ని కింది సగంలో మాత్రమే రాస్తే ప్రాసెసర్ ఖాళీ స్థలాన్ని చదువుతూ కూర్చుంటుంది. అందుకే అదే ఫైల్‌ని రెండు సగాల్లోనూ రాసేయండి, ఆ కాలికి ఏ వోల్టేజీ అందినా ఇబ్బంది ఉండదు.

ప్రోగ్రామర్ సాఫ్ట్‌వేర్‌లో చిప్పు పేరుతోపాటు తయారీదారు పేరు కూడా సరిగ్గా ఎంచుకోండి. ప్రోగ్రామింగ్ వోల్టేజీ దాన్నిబట్టే మారుతుంది. రాయడం అయ్యాక వెరిఫై తప్పనిసరి. కిటికీ ఉన్న చిప్పయితే వెలుతురు చొరబడని స్టిక్కర్ అంటించి, దాని మీద వెర్షన్, తేదీ రాయండి. సాకెట్లు, పుల్లర్ లాంటి చిల్లర సామాన్ల కోసం హైదరాబాద్‌లో ఉన్నవారు కోఠీ గుజరాతీ గల్లీ ఒక చుట్టు చుట్టి రావచ్చు.

పెట్టి ఆన్ చేయడం

కొత్త చిప్పుల కాళ్లు కాస్త ఎడంగా ఉంటాయి. చిప్పుని బల్ల మీద పక్కకి ఆనించి, ఆ వరస కాళ్లన్నీ ఒకేసారి కొద్దిగా లోపలికి వంచితే సాకెట్‌లో సాఫీగా దిగుతుంది. గాటు దిశని ఫొటోతో పోల్చండి. తిరగేసి పెడితే చిప్పు త్వరగా కాలిపోవచ్చు. అందుకే పవర్ ఇచ్చిన వెంటనే వేలితో తాకి చూసి, వేడెక్కుతుంటే అప్పుడే ఆపేయాలి.

పవర్ ఇచ్చే ముందు బోర్డు మీది బ్యాటరీ జంపర్ తీసి కాసేపు ఉంచి మళ్లీ పెట్టండి. పాత ఫర్మ్‌వేర్ రామ్‌లో వదిలిన అంకెలను కొత్తది తనవే అనుకుని మొండికేయకుండా ఉండటానికి ఇది.

ఆన్ చేశాక కాన్, ఎస్‌టీఏ దీపాలు సెకను పాటు వెలిగి ఆరిపోవాలి. ఆరకుండా అలాగే ఉంటే ప్రాసెసర్ ఫర్మ్‌వేర్‌ని చదవలేకపోతోందని అర్థం. వంగి బయట ఉండిపోయిన కాలు, ఇందాక చెప్పిన సగం రాత, బోర్డుకి సరిపడని ఫైల్, ఈ వరసలో వెతకండి.

దీపాలు ఆరినా తెరమీద చెత్త అక్షరాలు వస్తే కంగారు పడొద్దు. రామ్ ఖాళీ కావడంతో పెట్టె ఫ్యాక్టరీ సెట్టింగులకు వెళ్లింది. టీఎన్‌సీ-2కి అవి 7 బిట్లు, ఈవెన్ ప్యారిటీ. మీ టెర్మినల్ 8 బిట్లు, ప్యారిటీ లేకుండా ఉంటే సగం అక్షరాలు సరిగ్గా, సగం వింతగా కనిపిస్తాయి. టెర్మినల్‌ని దానికి తగ్గట్టు మార్చగానే పరిచయ సందేశం శుభ్రంగా వస్తుంది. డిఫాల్టులు ఎక్కించానని పెట్టె అందులో చెప్పడం మామూలే. ఇప్పుడు దాచుకున్న ఫైల్ చూసి ఒక్కొక్క సెట్టింగూ తిరిగి ఎక్కించండి.

కిస్ కావాలంటే ముందు పెట్టెని 8 బిట్లకు, ప్యారిటీ లేకుండా మార్చాలి. తర్వాత కిస్ ఆన్, ఆపై రీస్టార్ట్. కాన్, ఎస్‌టీఏ దీపాలు మూడుసార్లు మిణుకుమంటే కిస్‌లోకి వెళ్లినట్టు. అప్పటి నుంచి కీబోర్డు ఆదేశాలకు జవాబు రాదు, పెట్టె పాడైందని మళ్లీ మూత విప్పకండి. బయటికి రావాలంటే 192, 255, 192 అనే మూడు బైట్లు వరసగా పంపాలి.

యూఎస్‌బీ టీఎన్‌సీలకు

కొత్త తరం వాటికి స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. ఉదాహరణకి అమెరికాలోని నార్త్ కరోలినాలో టీఏఆర్‌పీఎన్ అనే హామ్‌ల బృందం వాడే నినోటీఎన్‌సీ. అక్కడా జాగ్రత్త పడాల్సింది ఫైల్ దగ్గరే. దాని ప్రాసెసర్ డీఎస్‌పిక్33ఈపీ256, 512 అని రెండు రకాలు. 256కి వెర్షన్ 3తో మొదలయ్యే ఫైల్, 512కి 4తో మొదలయ్యేది. చిప్పు మీద అక్షరాలు చదివి ఎంచుకోండి.

ఫైల్‌ని ఎక్కించేది ఒక చిన్న పైథాన్ ప్రోగ్రామ్, దానికి పోర్టు పేరు, ఫైల్ పేరు ఇస్తే చాలు. లినక్స్‌లో పోర్టు తెరుచుకోకపోతే సాధారణంగా మీ యూజర్ సీరియల్ పోర్టులు వాడే అనుమతి ఉన్న డయల్‌అవుట్ గ్రూపులో లేరన్నమాట. లేదంటే మోడెమ్‌మేనేజర్ అనే సర్వీసు పోర్టుని పట్టుకుని ఉంటుంది, దాన్ని ఆపేయండి. నడుస్తున్న ప్యాకెట్ సాఫ్ట్‌వేర్‌ని కూడా మూసేయాలి. ఎక్కుతున్నంతసేపూ యూఎస్‌బీ తీగ కదిలించవద్దు. ల్యాప్‌టాప్ నిద్రలోకి వెళ్లకుండా చూసుకోండి.

గాలిలోకి వదిలే ముందు

టీఎన్‌సీ-2ని రేడియో లేకుండానే పరీక్షించవచ్చు. రేడియో సాకెట్‌లో మైక్ ఆడియో 1వ కాలు, వినే ఆడియో 4వ కాలు. ఆ రెండింటినీ చిన్న తీగతో కలిపి, ఫుల్‌డప్ (పంపుతూనే వినే సెట్టింగు) ఆన్ చేసి, మీ కాల్‌సైన్‌కే కనెక్ట్ ఆదేశం ఇవ్వండి. కనెక్ట్ అయ్యిందంటే ఫర్మ్‌వేర్‌తోపాటు మోడెమ్ కూడా బాగున్నట్టే. తీగ తీసేశాక ఫుల్‌డప్ ఆఫ్ చేయడం గుర్తుంచుకోండి.

ఆ తర్వాత రేడియో తగిలించి వినడం. దగ్గర్లో ప్యాకెట్ స్టేషన్ లేకపోయినా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఉంది. దాని మీది ఏపీఆర్‌ఎస్ డిజిపీటర్ (విన్న ప్యాకెట్‌ని తిరిగి పంపే రేడియో) 145.825 మెగాహెర్ట్జ్‌లో 1200 బాడ్‌తో పనిచేస్తుంది. మన 144–146 బ్యాండు లోపలే కాబట్టి మామూలు రెండు మీటర్ల సెట్ చాలు. స్క్వెల్చ్ (బలహీన సిగ్నళ్లను వినిపించకుండా ఆపే మీట) పూర్తిగా తెరిచి, కేంద్రం తలమీదుగా వెళ్లే సమయం చూసుకుని మేడ మీదికి వెళ్లండి. వినడం వరకూ సరే, ప్యాకెట్ పంపాలంటే మాత్రం కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే హామ్ లైసెన్సు ఉండాలి. కేంద్రం ఎత్తుగా వెళ్లినా ఒక్క ప్యాకెట్ కూడా రాకపోతే వెంటనే ఫర్మ్‌వేర్‌ని అనుమానించకండి. అక్కడి రేడియోని అప్పుడప్పుడు వేరే మోడ్‌కి మార్చి ఉండొచ్చు, లేదా ఆపేసి ఉండొచ్చు, అలాంటప్పుడు 145.825 మౌనంగానే ఉంటుంది. ముందు అది ఏ మోడ్‌లో ఉందో చూసుకోండి.