ధవళేశ్వరం బ్యారేజీ చూడటానికి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

వరద సీజన్‌లో గోదావరిని చూడాలని అందరికీ ఉంటుంది. తప్పక వెళ్లండి, కానీ ఇవి మర్చిపోవద్దు.

గేట్ల దిగువన నీళ్లలోకి దిగొద్దు. గేటు కింద నుంచి దూసుకొచ్చే నీరు సుడి తిరిగి వెనక్కి లాగుతుంది. ఈత బాగా వచ్చినవాళ్లు కూడా బయటపడలేరు. పైకి ప్రశాంతంగా కనిపించినా నమ్మొద్దు, గేట్లు ఎప్పుడైనా ఎత్తుతారు. పిల్లల చెయ్యి మాత్రం అస్సలు వదలకండి.

బయల్దేరే ముందు నీటిమట్టం కనుక్కోండి. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండోది దాటితే ప్రయాణం వాయిదా వేయడమే మంచిది.

సెల్ఫీ కోసం రెయిలింగ్ ఎక్కొద్దు, రోడ్డు మధ్యలో బండి ఆపొద్దు. అది వాహనాలు తిరిగే దారి.

ఒక్కచోటే చూసి తిరిగొచ్చేయకండి. ఇది ఒకే గోడ కాదు. మధ్యలో లంకలతో నాలుగు భాగాలు: ధవళేశ్వరం వైపు 70 గేట్లు, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39, మొత్తం 175. నాలుగూ చూడాలంటే పొద్దున్నే బయల్దేరాలి.

బ్యారేజీకి ముందు ఇక్కడున్న ఆనకట్టను కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ పేరిట ఉన్న కాటన్ మ్యూజియానికి టైమ్ మిగుల్చుకోండి. 1852లో పూర్తయిన పాత ఆనకట్ట కథ తెలిస్తే, డెల్టా కాలువల్లోకి నీళ్లు ఎందుకు మళ్లిస్తారో బ్యారేజీ దగ్గర బాగా అర్థమవుతుంది. వీలైతే ముందు అక్కడికే వెళ్లండి.