పసిచెవి ప్రయోగాలు చదవడం – 3వ పాఠం: ఎనిమిదో నెల చిక్కుముడి

గత పాఠంలో చూసిన వాంకూవర్ ప్రయోగాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. ఇంగ్లీషు ఇళ్లలో పెరిగే పిల్లలు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో హిందీ త, ట ల తేడా పట్టుకున్నారు. ఏడాది నిండేసరికి ఆ నేర్పు బాగా తగ్గింది. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన ఫలితమది. అవి ఒకే భాష వినిపించే ఇళ్లు. రెండు భాషలు వినిపించే ఇళ్ల కోసం ఈసారి స్పెయిన్‌లోని బార్సిలోనా వెళదాం.

అక్కడ స్పానిష్‌తో పాటు వినిపించే కాటలాన్ భాషలో మన ‘ఎ’ని పోలిన అచ్చులు రెండున్నాయి. ఒకదానికి నోరు కాస్త తక్కువగా, రెండోదానికి కాస్త ఎక్కువగా తెరవాలి. స్పానిష్‌కు ఒక్కటే ఉంది, అదీ ఆ రెంటికీ నడుమ పలుకుతుంది. లారా బోస్క్, నూరియా సెబాస్టియన్ 2003లో వెల్లడించిన ఫలితం ఇది: నాలుగో నెలలో పిల్లలందరూ ఆ రెండు అచ్చుల తేడా గుర్తించారు. ఎనిమిదో నెలకు కాటలాన్ మాత్రమే వినే పిల్లలకే అది మిగిలింది. రెండు భాషల పిల్లలు గుర్తించినట్టు కనబడలేదు. పన్నెండో నెలకు వాళ్లూ మళ్లీ గుర్తించారు.

రెండు భాషలతో పిల్లలు తికమకపడతారని వాదించేవారు ఈ ఎనిమిదో నెల దగ్గరే ఆగిపోతారు. మనం ఆగకూడదు. అక్కడ కొలిచినది పిల్లలు ఎంతసేపు చెవి ఒగ్గారన్నది. కాటలాన్, స్పానిష్‌లలో ఒకేలాంటి మాటలు కొల్లలు, చాలాచోట్ల అచ్చు మాత్రమే మారుతుంది. అలాంటి ఇంట్లో పెరిగే బిడ్డ అచ్చు మారడాన్ని వింతగా తీసుకోకపోవచ్చు. వింత అనిపించనిదాన్ని ఎక్కువసేపు వినడం దేనికి?

2011లో సెబాస్టియన్ బృందం పద్ధతి మార్చింది. ఒక మాట వినిపిస్తే తెర మీద బొమ్మ ఒక పక్క, అచ్చు మార్చిన మాట వినిపిస్తే రెండో పక్క కనిపిస్తుంది. బొమ్మ రాకముందే చూపు ఎటు వెళ్తుందో గమనించారు. రెండు భాషల ఎనిమిది నెలల పిల్లలు సరైన పక్కకే చూశారు!

అందువల్ల ఇలాంటి వ్యాసం చేతికి వస్తే ముందు పద్ధతి భాగం చదవండి. బిడ్డ చేయవలసిన పని ఏమిటో చూడండి: చప్పరించడమా, తల తిప్పడమా, చూపు నిలపడమా?

అభ్యాసం: తెలుగు, హిందీ రెండూ మాట్లాడే ఇల్లు అనుకోండి. ‘మెడ–మేడ’, ‘కల–కళ’ వంటి తేడాలు హిందీలో లేవు. ఇలాంటి జంటలు మరో మూడు రాసి, ఒక జంటకు పై రెండు పద్ధతుల్లోనూ ప్రయోగం కాగితం మీద రూపొందించండి. కాగితం మీదే సుమా, నిద్రపోయే పాపాయిని లేపకండి.