వ్యాన్‌లో లిథియం బ్యాటరీ: నా అనుభవం

అరకులో రాత్రి రెండింటికి ఫ్రిజ్ ఆగిపోయేది. దాన్ని నడిపే పాత లెడ్-యాసిడ్ బ్యాటరీ చూస్తే 11.4 వోల్టులు, అంటే దాదాపు ఖాళీ. డిస్టిల్డ్ వాటర్ పోశా, టెర్మినల్స్‌కి పట్టిన పచ్చటి చిలుము గీకా (వైజాగ్ గాలికి అది మామూలే), ఇంకో సోలార్ ప్యానెల్ కూడా పెట్టా, లాభం లేదు.

చివరికి 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ సామర్థ్యం కొలత) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ కొన్నా. పాతది తీసి అదే వైర్లకి తగిలించేద్దామనుకున్నా కానీ అక్కడే ఆగడం మంచిదైంది, ఎందుకంటే లిథియం ఎంత ఇస్తే అంత లాగేస్తుంది, పాత రిలే (ఇంజిన్ వైపు కరెంటుని ఈ బ్యాటరీకి కలిపే స్విచ్) ద్వారా నేరుగా కలిపితే ఆల్టర్నేటర్, అంటే ఇంజిన్‌తో తిరిగి కరెంటు తయారుచేసేది, వేడెక్కి కాలిపోవచ్చు.

ముందు సోలార్ ప్యానెల్ వైరు పీకేశా. తర్వాత పాత బ్యాటరీ నెగటివ్, ఆ తర్వాతే పాజిటివ్. రిలే తీసేసి ఆ చోట 30 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ బిగించా, ఆల్టర్నేటర్ నుంచి లాగే కరెంటుకి అది హద్దు పెడుతుంది. కొత్త బ్యాటరీ పాజిటివ్‌కి జానెడు దూరంలోనే, వైరు మోయగలిగే కరెంటుకి మించని ఫ్యూజ్. దీన్ని మాత్రం వదిలేయకండి. సోలార్ కంట్రోలర్‌ని (ప్యానెల్ నుంచి చార్జింగ్‌ని అదుపు చేసేది) లిథియం మోడ్‌కి మార్చి 14.4 వోల్టులు పెట్టా, ఈక్వలైజేషన్ (లెడ్-యాసిడ్‌కి కావాలని ఎక్కువ వోల్టేజీతో చేసే చార్జింగ్) ఆపేశా. కొత్త బ్యాటరీకి ముందు పాజిటివ్, తర్వాత నెగటివ్ కలిపి, అన్నిటికన్నా ఆఖర్న ప్యానెల్.

భీమిలి దాకా నడిపి లగ్గులు (వైరు చివర బ్యాటరీకి బిగించే లోహపు ముక్కలు) ముట్టుకుని చూశా, గోరువెచ్చగా కూడా లేవు.

నాది పాత డీజిల్ బండి, కొత్త వాటిలో ఆల్టర్నేటర్ తీరు వేరు, అక్కడ ఇదే సరిపోతుందని చెప్పలేను. లంబసింగి చలికి వెళ్లేవాళ్లు బ్యాటరీలో చలి కటాఫ్ (మరీ చలిగా ఉంటే చార్జింగ్ దానంతటదే ఆపేసేది) ఉందో లేదో చూసుకోండి, సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే సెల్స్ పాడవుతాయి. నా దాంట్లో లేదు, ఎండ వచ్చాకే ప్యానెల్ కలుపుతున్నా.