కడుపుతో ఉన్న కుక్క తిండి: సమస్య - పరిష్కారం

ఏ ఇబ్బంది వచ్చినా ముందు మూడు విషయాలు తేల్చుకోవాలి. క్రాసింగ్ (మగ కుక్కతో జత కలపడం) ఏ రోజు అయింది, వారం వారం బరువెంత, రోజు మొత్తంలో దాని నోట్లోకి ఏమేం వెళ్తున్నాయి. మొదటి రెండూ టకటకా చెప్పేస్తారు. మూడోది అడిగితే "ప్యాకెట్ ఫుడ్ తప్ప ఏమీ పెట్టట్లేదండీ" అంటారు. గట్టిగా అడిగితే పొద్దున పాలు, సాయంత్రం ఓ కాల్షియం సిరప్, మధ్యలో గుడ్డు పెంకుల పొడి ఒక్కొక్కటే బయటికొస్తాయి. అందుకే నోటి లెక్క వద్దు. డబ్బాలన్నీ ముందు పెట్టుకుని కాగితం మీద రాయండి.

మూడు, నాలుగు వారాల్లో తిండి తగ్గించింది

హార్మోన్ల మార్పు వల్ల ఇది మామూలే, కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. అదే ఫుడ్‌ని గోరువెచ్చగా చేసి మూడు పూటలుగా పెట్టండి. ఆకలి టానిక్ అక్కర్లేదు. రోజంతా ఏమీ ముట్టకపోతే, వాంతులు ఆగకపోతే, నీళ్లు కూడా మానేస్తే మాత్రం డాక్టర్‌కి చూపించండి.

బరువు మరీ పెరిగింది

కడుపు నిలిచిందని తెలిసిన రోజు నుంచే రెట్టింపు పెట్టడమే కారణం. సుమారు 63 రోజుల గర్భంలో కూనలు ఎక్కువగా పెరిగేది చివరి మూడో వంతులోనే. ఐదో వారం దాకా పాత కొలతే చాలు. ఆ తర్వాత వారానికి పదో వంతు చొప్పున పెంచుతూ పోతే, ఈనే నాటికి 25 నుంచి 50 శాతం ఎక్కువ తింటుంది. మొత్తం బరువు 15 నుంచి 25 శాతం పెరగాలి. అంటే 20 కిలోల కుక్క 23 నుంచి 25 కిలోల దగ్గర ఉండాలి. కొవ్వు పడితే కాన్పు కష్టమవుతుంది. అలాగని పస్తు పెట్టకండి, ముందు చిరుతిళ్లు ఆపండి.

చివరి పది రోజుల్లో గిన్నె దగ్గరికొచ్చి మూతి తిప్పుకుంటోంది

ఆకలి ఉంది, పొట్టలో చోటు లేదు. నాలుగైదు పూటలుగా కొంచెం కొంచెం పెట్టండి. పెరిగే కూనలకూ గర్భంతో ఉన్నవాటికీ సరిపోతుందని లేబుల్ మీద ఉన్న ఫుడ్ ఎంచుకోండి, తక్కువ తిన్నా శక్తి అందుతుంది. తిండి పూర్తిగా మానేసి, ఒంటి వేడి 37.2 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి పడితే అది తిండి సమస్య కాదు. చాలావరకు 24 గంటల్లో ఈనుతుంది.

ఈనాక వగరుస్తోంది, వణుకుతోంది, కాళ్లు బిగుసుకుంటున్నాయి

అసలు దెబ్బ తగిలేది ఇక్కడే, దీని పేరు ఎక్లాంప్సియా. ఈనిన మొదటి నాలుగు వారాల్లో, ఎక్కువగా చిన్న జాతుల్లో, కూనలు ఎక్కువున్న ఈతల్లో వస్తుంది. మొదట అది నిలకడగా ఉండదు, ఊరికే మూలుగుతుంది, మూతి గోక్కుంటుంది, కూనల్ని పట్టించుకోదు. తర్వాత నడక కర్రలా బిగుస్తుంది, వణుకు మొదలవుతుంది, జ్వరం 41 డిగ్రీలు దాటొచ్చు, చివరికి మూర్ఛ. పాడి పశువుల్లో పాల జ్వరం అంటామే, దాదాపు అదే. రక్తంలో కాల్షియం పడిపోతుంది.

"గర్భంతో ఉన్నన్నాళ్లూ కాల్షియం పోశాం కదా, ఎలా పడిపోతుంది?" అని అందరూ అడుగుతారు. పోసినందుకే పడిపోయి ఉండొచ్చు. ఎముకల్లోంచి కాల్షియం తీసి రక్తంలోకి పంపమని చెప్పేది మెడలోని పారాథైరాయిడ్ గ్రంథి వదిలే హార్మోను. బయటి నుంచి ధారాళంగా వస్తుంటే ఆ గ్రంథి పని తగ్గించుకుంటుంది. ఈనాక పాలలోకి ఒక్కసారిగా కాల్షియం వెళ్లిపోతుంటే, అది మళ్లీ పుంజుకునేలోపే తల్లి పడిపోతుంది. ఇది అర్థం కాక వచ్చే ఈతకి మోతాదు ఇంకా పెంచేవాళ్లున్నారు.

లెక్క చూడండి. చిన్న కుక్క రోజుకి 150 గ్రాముల ఫుడ్ తింటోంది, లేబుల్ మీద కాల్షియం 1.2 శాతం అనుకుందాం. అంటే 1.8 గ్రాములు. ఒక టీస్పూన్ పెంకుల పొడిలో ఉండేది సుమారు 2 గ్రాములు. ఒక్క చెంచాతో రెట్టింపు దాటింది, సిరప్ ఇంకా కలపనేలేదు. లేబుల్ మీద బోన్ మీల్, డైకాల్షియం ఫాస్ఫేట్ అని ఉన్నా అదీ కాల్షియమే.

సమతుల ఫుడ్ పెడుతుంటే గర్భంలో విడిగా కాల్షియం ఏమీ వద్దు. వట్టి మాంసం మీద నడిచే ఇంటి తిండిది వేరే కథ. మాంసంలో కాల్షియం బాగా తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ, కాబట్టి అక్కడ లోటు నిజమే. దాన్ని అందాజాగా చెంచాలతో పూడ్చకండి. డాక్టర్‌తో కొలతలు రాయించుకోండి, లేదా రెడీ ఫుడ్‌కి మార్చండి. అన్నీ సరిగ్గా పెట్టినా, ఏడెనిమిది కూనలకి పాలిచ్చే చిన్న కుక్కకి ఇది రావచ్చు.

వణుకు కనిపిస్తే కూనల్ని వెంటనే వేరు చేసి తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లండి, తెల్లారనీ అనొద్దు. మూర్ఛలో ఉన్న కుక్క నోట్లో సిరప్ పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంట్లో ఇంజెక్షన్ అసలే వద్దు. కాల్షియం వేగంగా నరంలోకి వెళ్తే గుండె ఆగిపోవచ్చు, చర్మం కింద పడితే అక్కడ కుళ్లొచ్చు. ఆసుపత్రిలో గుండె చప్పుడు గమనిస్తూ 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ మెల్లగా ఎక్కిస్తారు. కూనల్ని 12 నుంచి 24 గంటలు తల్లి దగ్గరికి పోనీయకుండా, కుక్కపిల్లల కోసం తయారైన పాలపొడి కలిపి పట్టాలి. నోటి ద్వారా కాల్షియం మొదలయ్యేది ఈనాకే, డాక్టర్ చెప్పిన మోతాదులోనే. ముందు ఈతలో ఇలా వచ్చిన కుక్క అయితే కాన్పుకి ముందే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి. పాలిచ్చే రోజుల్లో తిండి మామూలు కంటే రెండు నుంచి నాలుగు రెట్లు కావాలి, చాలామంది ఇక్కడే కొలత తగ్గిస్తారు.

మిగతావి

గర్భంలో రక్తంలో చక్కెర పడిపోవడం, కీటోన్లు (తిండి చాలక ఒంట్లో కొవ్వు కరిగితే రక్తంలో చేరేవి) పెరగడం అరుదు. సరిపడా తినే కుక్కలో వీటిని వెతుక్కోనక్కర్లేదు, రక్త పరీక్షలో తేలిపోతాయి. కాలేయం, చేప కాలేయపు నూనె (కాడ్ లివర్ ఆయిల్) మాత్రలు కలిపి విటమిన్ ఏ అతిగా ఇస్తే కూనలకి అంగిలి చీలిక రావచ్చు. పచ్చి మాంసం గర్భంలో వద్దు, సాల్మొనెల్లా భయం. అంగిలి చీలిక రాకుండా ఫోలిక్ ఆసిడ్ పనికొచ్చేది క్రాసింగ్‌కి ముందు నుంచి ఇస్తేనే. ఆరో వారంలో మొదలుపెడితే అంగిలి విషయంలో ఏ లాభమూ లేదు, అప్పటికే అది మూసుకుని ఉంటుంది.