షెడ్యూల్‌లో ఉంది, రేడియోలో రాదు: ఎక్కడ వెతకాలి?

కడపలో మా మిద్దె మీద కూర్చుని షార్ట్‌వేవ్‌లో (దూరదేశాలకు చేరే రేడియో తరంగాల్లో) రొమేనియా దేశపు స్టేషన్ రేడియో రొమేనియా ఇంటర్నేషనల్ ఏ రోజు, ఏ ఫ్రీక్వెన్సీలో, ఎంత బలంగా వచ్చిందో నోటుబుక్కులో రాసుకోవడం నాకు అలవాటు. ఈ హాబీకి కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా అడిగే మాట: "అన్నా, ఆ టైముకు పెడితే ఏమీ రాలేదు, స్టేషన్ మూసేశారా?" ఆ అనుమానం చివరికి ఉంచుకోండి. ముందు గడియారం, తర్వాత బీమ్ (స్టేషన్ సిగ్నల్‌ను ఏ దిక్కుకు పంపుతోందో), ఆ తర్వాత మన ఇల్లు చూడాలి.

చెప్పిన టైముకు ఏమీ రావడం లేదు

షెడ్యూళ్లు యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో ఉంటాయి. అయిదున్నర గంటలు కలపాలని అందరికీ తెలుసు, తడబడేది తేదీ దగ్గర. శనివారం 20:00 యూటీసీ అంటే మనకు ఆదివారం తెల్లవారుజాము 1:30. హెచ్‌ఎఫ్‌సీసీ (షార్ట్‌వేవ్ ఫ్రీక్వెన్సీలను సమన్వయం చేసే అంతర్జాతీయ సంస్థ) పట్టికలో రోజుల గడి కూడా చూసుకోండి. అక్కడ 1 అంటే ఆదివారం, సోమవారం కాదు.

ఇవి సరిగానే ఉంటే పట్టిక పాతదేమో చూడండి. మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో ప్రసారాల సీజన్ మారుతుంది. 2026లో అవి మార్చి 29, అక్టోబరు 25. యూరప్‌లో గడియారాలు మార్చుకుంటారు, మనం మార్చుకోం. అందుకే చలికాలంలో అదే కార్యక్రమం మనకు తరచుగా గంట ఆలస్యంగా, వేరే ఫ్రీక్వెన్సీలో వస్తుంది. ఇది మరిచిపోయి నేను ఒక ఏడాది వారం రోజులు ఖాళీ ఫ్రీక్వెన్సీ దగ్గర కాచుకున్నాను.

ఒక ఫ్రీక్వెన్సీలో గట్టిగా, ఇంకోదాంట్లో పీలగా వస్తోంది

ఇది రేడియో లోపం కాదు, బీమ్ సంగతి. పట్టికలో అజిమత్ అనే అంకె ఉంటుంది. ట్రాన్స్‌మిటర్ దగ్గర ఉత్తరం నుంచి కుడివైపుగా కొలిచిన డిగ్రీలవి. రొమేనియా రాజధాని బుకారెస్ట్ నుంచి కడపకు సుమారు 107 డిగ్రీలు, దూరం దాదాపు 5,950 కిలోమీటర్లు. కాబట్టి 100కు, 115కు మధ్య ఉన్న బీమ్ మనవైపు వస్తున్నట్టే. 300 దాటిందంటే అది అమెరికా దిక్కుకు పోతోంది. మనకు అందేది యాంటెన్నా వెనక్కి చిమ్మే కాస్త సిగ్నలే. పక్కనే సిరాఫ్ జోన్ (ప్రసారాల కోసం ప్రపంచాన్ని విడగొట్టిన ప్రాంతాల నంబరు) గడిలో 41 ఉంటే మన దేశం లెక్కలో ఉన్నట్టు.

ఈ కోణాన్ని గోడ మీది మ్యాపులో స్కేలు పెట్టి కొలవకండి. అక్కడ 120 దాకా కనిపిస్తుంది. గ్లోబు మీద దారం బిగించి చూడండి. ఇంకో విశేషం కూడా తెలుస్తుంది: ఆ దారం మన ఊరికి సరిగ్గా వాయవ్యం నుంచి వస్తుంది. అందుకని డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపే తీగ యాంటెన్నా) తీగను ఈశాన్యం నుంచి నైరుతికి కట్టండి. 31 మీటర్ల బ్యాండుకు (సుమారు 9,400 నుంచి 9,900 కిలోహెర్ట్జ్) మొత్తం 15 మీటర్లు, నడిమధ్య నుంచి కేబుల్ దించాలి. మిద్దె మీద తక్కువ ఎత్తులో కడితే తేడా కొద్దిగానే ఉంటుంది. అయినా పీల సిగ్నల్‌కు ఆ కొద్దే ప్రాణం.

స్టేషన్ ఉంది, గరగరలో మునిగిపోతోంది

రేడియోను బ్యాటరీ మీద పెట్టి ఇంటి మెయిన్ ఆపండి. ఇన్వర్టర్ కూడా ఆపాలి, చాలామంది దాన్ని వదిలేస్తారు. గరగర పోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కొక్క స్విచ్చే వేస్తూ పట్టుకోండి. మా ఇంట్లో అది మెట్ల దగ్గరి ఎల్‌ఈడీ బల్బు. ఫోన్ చార్జర్లు, సోలార్ ఇన్వర్టర్లు కూడా ఇదే పని చేస్తాయి. గరగర పోకపోతే రేడియో పట్టుకుని వీధిలో నడవండి, ఏ స్తంభం దగ్గర పెరుగుతుందో తెలుస్తుంది. కరెంటు పోయిన రాత్రి మాత్రం నిద్ర మానుకునైనా వినండి. స్లాబులోని ఇనుప కడ్డీలు సిగ్నల్‌ను ఆపుతాయి కాబట్టి గదిలో కూర్చుని తీర్పు చెప్పకండి.

పట్టికలో లేని చోట వినబడుతోంది

కొత్త ఫ్రీక్వెన్సీ దొరికిందని రాసేసుకోకండి. మామూలు సెట్లలో అసలు స్టేషన్ కంటే 910 కిలోహెర్ట్జ్ కింద దాని నీడ పడుతుంది. 9,010 దగ్గర వినబడితే 9,920 చూడండి. అదే కార్యక్రమం అక్కడ ఇంకా గట్టిగా ఉంటే అదే అసలుది.

పగలు అన్ని స్టేషన్లూ ఒకేసారి మాయమయ్యాయి

సూర్యుడి మీద పెద్ద జ్వాల ఎగసి ఉండొచ్చు. అప్పుడు అయనోస్ఫియర్ (షార్ట్‌వేవ్‌ను భూమి వైపు తిప్పి పంపే ఆకాశపు పై పొర) కింది భాగం షార్ట్‌వేవ్‌ను మింగేస్తుంది. మనం చేసేదేమీ లేదు. టైము రాసుకుని గంట ఆగండి.

ఇవన్నీ చూశాక కూడా మూడు రోజులు వరుసగా రాకపోతే అప్పుడు స్టేషన్‌కు ఉత్తరం రాయండి. తేదీ, యూటీసీ టైము, ఫ్రీక్వెన్సీ, మన ఊరి పేరు తప్పకుండా ఉండాలి.